లేని కాలి నొప్పి

మొన్న పొద్దున మా చిన్నబాపు కాలు మళ్లీ దొరికింది. చిన్నబాపు అంటే మా నాన్న తమ్ముడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, కాలు ఆయనకంటే ముందే పోయింది. కథలాపూర్ దగ్గర మా పొలంలో ట్రాక్టర్ పెట్టుకోవడానికి షెడ్డు వేస్తానని మా తమ్ముడు జేసీబీ తెప్పించాడు. గట్టు పక్కన పునాదికి మట్టి తీస్తుంటే నల్లటి ప్లాస్టిక్ కవరు ఒకటి పైకి వచ్చి, చినిగి, అందులోంచి ఎముకలు బయటపడ్డాయట. డ్రైవరు బండి దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. కూలికి వచ్చిన వాళ్లలో ఒకడు ఇది మర్డర్ కేసు అన్నాడు, ఇంకొకడు పోలీసులు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మా తమ్ముడు పోలీసులకంటే ముందు నాకు ఫోన్ చేశాడు. వాడు నడివయసంతా దుబాయిలో గడిపి వచ్చినవాడు. ఇంట్లో జరిగిన మంచీ చెడూ వాడికి ఫోన్లోనే తెలిసేవి, ఈ కాలు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. "అక్కా, మన పొలంల ఎవన్నో పాతిపెట్టిండ్రు. ఒక్క కాలే దొరికింది, మిగిలిన మనిషి దొరుకుతలేడు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. సిరిసిల్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని, వీధిలో పోయేవాళ్లు తిరిగి చూసేటట్టు నవ్వాను. మిగిలిన మనిషిని కోరుట్లలో మేమే కాలబెట్టామని, అది చిన్నబాపు కాలని, షుగరు వచ్చి తీసేస్తే అక్కడ పూడ్చారని చెప్పాను. వాడు, మరి ఇప్పుడు దీన్నేం చేయాలి, మళ్లీ పూడ్చాలా, కాలబెట్టాలా, గోదావరిలో కలపాలా అని అడిగాడు. చిన్నమ్మను అడగాలి అన్నాను. అనగానే నా నవ్వు పోయింది. ఆ కాలు గురించి చిన్నమ్మను అడగడం ఎంత పనో వాడికి తెలియదు.

చిన్నబాపు జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో తర్కం, తత్వం చెప్పేవాడు. పెళ్లయ్యేదాకా కథలాపూర్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు, తర్వాత ఇల్లు కోరుట్లలో, రోజూ బస్సులో పోయి రావడం. ఆ సబ్జెక్టు తీసుకునే పిల్లలు ఏటికేడు తగ్గిపోతుంటే, చెప్పకుండా మిగిలిపోయిన పాఠమంతా మోసుకొచ్చి ఇంట్లో మా మీద గుమ్మరించేవాడు. చెడ్డవాడు కాదు, చేతిలో ఎప్పుడూ మిర్చి బజ్జీల పొట్లం ఉండేది. కాని ఆ బజ్జీ తినాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. బతుకమ్మకు తంగేడు పూలు కోసుకొస్తే, ఈ పువ్వు నీకు పసుపుపచ్చగా కనబడుతుంది, నాకు ఎర్రగా కనబడుతుందేమో, ఇద్దరం పసుపుపచ్చ అనే అంటాం, తేడా ఎట్ల పట్టుకుంటవ్ అనేవాడు. నేను పువ్వు వంక చూసి, ఆయన కళ్ల వంక చూసి, బజ్జీ చల్లారిపోతోందని ఏడ్చేదాన్ని.

ఒకసారి, నాకింకా మా అమ్మ అన్నం కలిపి తినిపించే వయసప్పుడు, నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మీ అమ్మ అన్నం పెడ్తది, మాట్లాడ్తది, తిడ్తది. అన్ని చేస్తది గని లోపట ఎవ్వరు లేరనుకో. ఉత్త బొమ్మనుకో. నీకెట్ల ఎరుక?" అంతే, నాకు ముద్ద దిగలేదు. అప్పట్నుంచి మా అమ్మ వంగి పొయ్యి ఊదుతుంటే వెనక నుంచి ఆమె జబ్బలు, మెడ చూసేదాన్ని, ఎక్కడైనా కుట్టు కనబడుతుందేమోనని. పిల్ల ఎందుకు చిక్కిపోతోందో అడిగి అడిగి చివరికి సంగతి రాబట్టింది మా అమ్మ. గంటె పట్టుకుని వచ్చి, లోపల ఎవరున్నారో ఒక్కటిస్తే తెలుస్తుందని మరిది ముందు నిలబడింది. ఆ మాటకు అందరికంటే ఎక్కువ నవ్వింది చిన్నబాపే. నేను మాత్రం ఆయన్ను ఆ రోజు నుంచి పూర్తిగా ఇష్టపడలేదు. ఇంత వయసొచ్చినా దాచుకోవాలనిపించడం లేదు, చెప్పేస్తున్నాను.

అట్లాగని ఆయన ప్రశ్నలన్నీ ఉత్తవని అనను. మా ఆయనకు తంగళ్ళపల్లిలో మరమగ్గాల షెడ్డు ఉండేది. గిరాకీ లేక మగ్గాలను పాత ఇనుము కింద అమ్మేశాం. అమ్మిన తర్వాత కూడా అన్నం తింటూ తింటూ చేయి ఆపి, మూలన ఉన్న మగ్గం ఆగింది, దారం తెగినట్టుంది చూడు అంటాడు. షెడ్డులో ఇప్పుడు ఎవరివో సిమెంటు బస్తాలున్నాయి. చెవి మాత్రం నలభై ఏళ్ల టకటకను వదలడం లేదు. వింటున్నది ఆయన, లేదంటున్నది నేను, ఇద్దరిలో ఎవరిది నిజమని చిన్నబాపు ఉంటే అడిగేవాడు. నేను అడగను, నవ్వను కూడా. కాసేపాగి, అతికించిన్రు, నడుస్తుంది తిను అంటాను. ఎందుకంటానో చెప్పాలంటే చిన్నమ్మ సంగతి చెప్పాలి.

చిన్నమ్మది కోనరావుపేట దిక్కు ఊరు. మాట తక్కువ, పని ఎక్కువ. నేను పదో తరగతికి కోరుట్లలో వాళ్లింట్లో ఉండి చదువుకున్నాను. అప్పటికి వాళ్ల పెళ్లయి మూడో ఏడు. ఒక ఆదివారం చిన్నబాపు స్నేహితులు, అంటే కాలేజీ సార్లు, ముందు గదిలో కూర్చుని వాదులాడుకుంటున్నారు. చిన్నమ్మ పొద్దుటి నుంచి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంటూ, లేస్తూ ఉంది. చివరికి తలుపు చెక్క పట్టుకుని గుమ్మంలో నిలబడి, కడుపుల బాగ నొస్తాంది, దవాఖానకు పోదాం అంది. నలుగురి ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు. మొహమంతా చెమట. చిన్నబాపు మాత్రం అడగబోయే ప్రశ్న దొరికినవాడిలాగా స్నేహితుల వైపు తిరిగి కన్ను కొట్టాడు.

"ఏడ నొస్తాంది?" అన్నాడు.

చిన్నమ్మ పొత్తికడుపు మీద చేయి పెట్టింది.

"అది కడుపు. నొప్పిని సూపియ్యి."

సార్లు నవ్వారు. ఆమెకు అర్థం కాక, చేతిని ఇంకొంచెం కిందికి జరిపి మళ్లీ చూపించింది. మళ్లీ నవ్వారు. చూడుండ్రి, మనకు వినబడేది మాటే, మాట వెనక నొప్పి ఉందని మనకెట్ల తెలుసు, ఆమె లోపలికి మనం పోయి చూశామా అని ఆయన పాఠం ఎత్తుకున్నాడు. ఒకాయన ఇంకొంచెం సరదా పుట్టిద్దామని, చీమ కుట్టినట్టుందా, తేలు కుట్టినట్టుందా చెప్పమ్మా అన్నాడు. చిన్నమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. తర్వాత లోపలికి పోయింది. పోతుంటే వెనక నుంచి, పనిలో పని చాయ్ పెట్టు అని కేకేశాడు మా చిన్నబాపు. ఆమె చాయ్ పెట్టింది. నాతో పంపింది. నేను ఖాళీ కప్పులతో తిరిగొచ్చేసరికి పొయ్యి ముందు పడిపోయి ఉంది.

జీపు మాట్లాడి జగిత్యాలకు తీసుకుపోయాం. కడుపు కోశారు. పిండం గర్భసంచిలో పడకుండా నాళంలోనే పడి పెరిగిందని, నాళం పగిలి లోపలంతా రక్తం నిండిందని, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో పక్క నాళం కూడా బాగోలేదు, ఇక పిల్లలు కలగరని కూడా అప్పుడే చెప్పింది. నొప్పి ఎప్పుడు మొదలైందని చిన్నబాపును అడిగితే ఆయన నా వైపు చూశాడు. పాపం ఆయనకెట్లా తెలుస్తుంది, నొప్పి ఆయనకు కనబడలేదు కదా.

అప్పట్నుంచి చిన్నమ్మ నోట నొప్పి అనే మాట నేను వినలేదు. మరిగే నూనె చేతి మీద చిందితే నీళ్ల కింద పెట్టుకుని, తుడుచుకుని, మిగిలిన పూరీలు వేసేది. పన్ను పీకించుకుని వచ్చి చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. వాడకట్టు ఆడవాళ్లు ఎంత ఓర్పో అని మెచ్చుకునేవాళ్లు. ఓర్పు కాదు అది. ఇచ్చినా పుచ్చుకోని ఇంట్లో ఏదీ ఇవ్వకూడదని ఆమె పట్టిన పంతం. చిన్నబాపు కొన్నాళ్లు తలవంచుకుని తిరిగాడు, తర్వాత తల దానంతటదే లేచింది. ప్రశ్నలు మళ్లీ మొదలయ్యాయి, చిన్నమ్మను మాత్రం అడిగేవాడు కాదు. ఒకే మంచం, ఒకే కంచాల గూడు, మధ్యలో మాట్లాడని పిల్ల ఒకటి ఉన్నట్టే ఏళ్లు గడిచాయి.

రిటైరైన తర్వాత ఆయనకు షుగరు ముదిరింది. పాదాలకు స్పర్శ పోయింది. ఒకరోజు కోరుట్ల అంగడికి పోయి కూరగాయలు తెచ్చి, చెప్పులు విప్పి లోపలికి వస్తే, బండల మీద అడుగడుగునా ఎర్రటి ముద్ర. చెప్పులోంచి పొడుచుకొచ్చిన మేకు పాదంలోకి దిగింది, అంగడంతా దాని మీదే నడిచాడు. ఇంకొకరైతే బెదిరిపోయేవాళ్లు. మా చిన్నబాపు మురిసిపోయాడు. గాయం ఉన్నది, నొప్పి లేదు, జీవితమంతా తాను అడిగిన ప్రశ్న తన కాలి కిందికే నడిచొచ్చిందని పక్కింటివాళ్లను పిలిచి పాదం ఎత్తి చూపించాడు. చిన్నమ్మ ఒకసారి దవాఖానకు పొమ్మంది. "నొప్పి లేనిదానికి దవాఖానెందుకే?" అన్నాడు. ఆమె రెండోసారి చెప్పలేదు. వచ్చినవాళ్లందరికీ పాదం చూపించి, వాదించి, గెలిచేలోగా పాదం నల్లబడింది. కరీంనగర్‌లో మోకాలు కిందికి తీసేశారు.

తీసిన కాలును దవాఖానవాళ్లు ఉంచుకోరు. సంతకం పెట్టించుకుని కవరులో కట్టి చేతికిస్తారు. చిన్నమ్మ తమ్ముడు దాన్ని ఆటోలో కథలాపూర్ తెచ్చాడు. గట్టు దగ్గర మావాళ్లంతా చేరి ఒక పంచాయితీ పెట్టారు. మనిషినైతే తల దక్షిణం దిక్కు పెడతారు, కాలుకు తల లేదు, ఏ దిక్కు పెట్టాలి. పూడ్చినవాళ్లు స్నానం చేయాలా. మనిషి బతికే ఉన్నాడు మైలెందుకని ఒకరంటే, కాలు చచ్చింది కదా, అంత మేరకు మైల ఉండాలని ఇంకొకరు. మనిషిలో ఎంత పూడిస్తే మనిషిని పూడ్చినట్టు అన్న ప్రశ్న ఆ రోజు మా పొలం గట్టు మీద అందరూ అడిగారు. అడగాల్సినాయన కరీంనగర్‌లో మత్తులో ఉన్నాడు. చివరికి ఇంత ఉప్పు పోసి, కవరుతోనే గుంటలో పెట్టి మట్టి లాగారు. మా పొలంలో నాట్లు వేసే ముసలమ్మ ఒకతె, వేళ్లు సక్కగ పెట్టిండ్రా, వంగితే మనిషికి తిప్పలయితది అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చిన వారానికే తిప్పలు మొదలైంది. లేని కాలికి బొటనవేలు మడతపడి పక్క వేలి మీదికి ఎక్కిందట. గట్టిగా మెలిపెడుతోందట. డాక్టర్లు నరాల సంగతి చెప్పారు, మెదడు సంగతి చెప్పారు. అవన్నీ ఆయనకు వాళ్లకంటే ముందు తెలుసు, పిల్లలకు పాఠం చెప్పినవే. తెలిస్తే తగ్గే నొప్పి కాదది. చూడడానికి నేను సిరిసిల్ల నుంచి పోయిన రోజు, ఆయన దిండును పళ్లతో పట్టుకుని ఉన్నాడు. చిన్నమ్మ మంచం పక్కన చాటలో చింతపండు గింజలు తీస్తోంది. ఆయన తట్టుకోలేక, నా వల్ల అయితలేదే, ఏమన్న చెయ్యవే అన్నాడు. ఆమె చేయి ఆపి తలెత్తింది.

"ఏడ నొస్తాంది?"

ఆయన చేయి చాపి, కాలు ఉండాల్సిన చోట, దుప్పటి మీద పెట్టాడు.

"అది పరుపు" అంది చిన్నమ్మ. "నొప్పిని సూపియ్యి."

అన్నేళ్లు ఆ మాటను ఒక్క అక్షరం పోకుండా ఎక్కడ దాచుకుందో. చిన్నబాపు ఆమె మొహంలోకి చూసి చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆమె మళ్లీ గింజలు తీయసాగింది.

గట్టు మీద ఆ ముసలమ్మ అన్న మాటను ఎవరో ఆయన చెవిన వేశారు. తర్కం చెప్పినాయన, దిష్టి తీస్తే ఎగతాళి చేసినాయన, కాలు తవ్వి వేలు చక్కగా పెట్టించమని చిన్నమ్మను బతిమాలడం మొదలుపెట్టాడు. పొద్దున అదే మాట, అన్నం ముందు అదే మాట. చాన్నాళ్లు ఊకొట్టి ఊకొట్టి, ఒకరోజు ఆమె పొద్దున్నే కథలాపూర్ బస్సెక్కింది. పొద్దుగూకేసరికి కాళ్లకు మట్టితో తిరిగొచ్చింది. బొటనవేలు పక్క వేలి మీదికెక్కి ఉండె, సక్కగ జేసి మల్ల పెట్టిన అని చెప్పి స్నానానికి పోయింది. నమ్మండి నమ్మకపోండి, ఆయనకు నొప్పి పోయింది. మందులకు లొంగనిది ఆ ఒక్క మాటకు పోయింది. ఆ ఎండాకాలమంతా హాయిగా తిన్నాడు, పడుకున్నాడు, కట్టెకాలు పెట్టుకుని అరుగు దాకా నడిచాడు. చిన్నమ్మ వంక చూసే చూపు కూడా మెత్తబడింది. ఇన్నేళ్లకు ఈ ఇంట్లో ఒకరి నొప్పి ఒకరు పుచ్చుకున్నారని నేను లోపల్లోపల సంతోషపడ్డాను.

వానలు పడే ముందు పాత స్నేహితులు ముగ్గురు ఆయన్ను చూడడానికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. జనం దొరికేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. లేని కాలు ఎట్లా నొచ్చిందో, పూడ్చిన ఎముకను కదిలిస్తే ఎట్లా తగ్గిందో రుచిగా చెప్పాడు. నొప్పనేది ఉత్త నమ్మకమని, నమ్మితే వస్తుందని, నమ్మితే పోతుందని తేల్చాడు. అక్కడ ఆపితే బాగుండేది. ఆపలేదు. "అప్పట్ల మా ఆమె కడుపునొప్పని ఆగమాగం చేసె గద. గప్పుడు ఎవలన్న గిట్లనే ఒక్క మాట జెప్తే పోతుండెనేమో" అన్నాడు. ముగ్గురిలో చీమ, తేలు అడిగినాయన కూడా ఉన్నాడు. తల వంచుకుని నవ్వాడు.

చిన్నమ్మ చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను తవ్వలే" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె లోపలికి వచ్చి ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క కప్పు పెడుతూ, పొయ్యి మీద కూర సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "కథలాపూర్ పోయిన. గట్టు మీద కూసున్న. మక్క కంకి కాల్సుకొని తిన్న. కాళ్లకు ఇంత మట్టి రాసుకొని అచ్చిన. నేను ఏం తవ్వలే." చివరి కప్పు ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది. చాయ్ చల్లారకముందే చిన్నబాపు చేయి మోకాలు దాటి కిందికి, ఏమీ లేనిచోటికి పోయింది. మొహం మెలితిరిగింది. వచ్చినవాళ్లు కప్పులు ముట్టుకోకుండానే చెప్పులు వేసుకున్నారు.

ఆ నొప్పి ఇక పోలేదు. దారి మూసింది ఎవరో చూడండి. ఇప్పుడు చిన్నమ్మ నిజంగా పోయి, తవ్వి, వేలు చక్కచేసి వచ్చి చెప్పినా ఆయన నమ్మడానికి లేదు. ఆమె మాట వెనక ఏముందో లోపలికి పోయి చూడలేడు. బావమరిదిని అడిగితే అతను అక్క మాట దాటనన్నాడు. మా నాన్న అప్పటికే లేడు, తమ్ముడు దుబాయిలో. రెండో కాలికి కూడా పుండు లేచి తానుగా కదల్లేడు. నన్నెందుకో అడగలేదు. అడిగితే పోయేదాన్నో కాదో నాకే తెలియదు. అట్లాగే ఇంకో రెండు వానాకాలాలు చూసి, ఖాళీ దుప్పటిని పిసుకుతూ పోయాడు. పీనుగ పక్కన చిన్నమ్మ ఏడ్చింది. ఏడుపు వెనక ఏముందో నేనూ అడగలేదు.

తమ్ముడి ఫోను వచ్చిన మధ్యాహ్నమే కోరుట్ల బస్సెక్కాను. చిన్నమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పింఛను వస్తున్నా ఆ పని మానలేదు, చేతులు ఊరుకోవంటుంది. కాలు దొరికిన సంగతి చెప్పాను. వేళ్లు ఆగలేదు. తునికాకు చుట్టి, కొన మడిచి, దారం కట్టి, అప్పుడడిగింది, వేళ్లెట్లున్నయి అని. తమ్ముడు పంపిన ఫొటో ఫోన్లో తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూసింది. నేను బస్సులోనే చూశాను. మట్టిగడ్డలో అతుక్కున్న పాదం ఎముకల్లో బొటనవేలిది పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. జేసీబీ తగిలి అట్లా అయిందో, మొదటి నుంచీ అట్లానే ఉందో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

చాలాసేపు చూసి ఫోను నా చేతికిచ్చింది. "ఎట్లున్నదో గట్లనే మల్ల పూడ్సుమను. సక్కగ జెయ్యొద్దను" అంది.

నేను తమ్ముడికి అదే మాట చెప్పాను. చక్కగా పెడితే ఏమవుతుందని వాడడిగితే చెప్పింది చెయ్యరా అని కసిరాను. తిరిగి చూస్తే చిన్నమ్మ చాట పక్కన పెట్టి, కొంగు కింద పొత్తికడుపు మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడో నేను పదో తరగతిలో ఉన్నప్పుడు చూసిన చేయి, సరిగ్గా అదే చోట.

"నొస్తాందా చిన్నమ్మా?" అన్నాను.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమెను నిజంగా అడిగినవాళ్లు లేరు. నా మొహం వంక అనుమానంగా, నవ్వుతానేమోనన్నట్టు చూసింది. తర్వాత మెల్లగా, "ఎన్నడు తగ్గింది బిడ్డా" అంది.

ఏళ్లు గడిస్తే ఏ నొప్పైనా మానుతుందని చెప్పేవాళ్లు, ఎవరి నొప్పిని లోపలికి పోయి చూసి చెబుతారో నాకు ఇప్పటికీ తెలియదు.